కారణం అన్న గడి

ఫిబ్రవరి 3

ఈ డైరీ బావ ఇచ్చాడు. వాళ్ళ ఆఫీసులో లిఫ్టుల ఇన్‌స్పెక్టర్లందరికీ ఏటా ఒకటి ఇస్తారు. ఎప్పుడూ తనే రాసుకునేవాడు, ఏ బిల్డింగులో ఏ లిఫ్టు ఎలా మూలిగిందో. ఈసారి తెచ్చి నా బల్ల మీద పడేశాడు. "నాకు రాయడం బద్ధకంగా ఉందిరా. నువ్వెలాగూ పొద్దస్తమానం గీకుతూనే ఉంటావు, ఇందులోనూ గీకు" అన్నాడు.

గీకుడే నా ఉద్యోగం. బౌలింగ్ హాల్లో పన్నెండో లేను పక్క గదిలో కూర్చుని బంతులకి వేళ్ళ రంధ్రాలు వేయడం, పైపొర గీకడం, మెరుగు పెట్టడం. పద్దెనిమిదేళ్ళయింది. ఈరోజు ఒకాయన తళతళలాడే కొత్త బంతి తెచ్చి, మలుపు తిరగడం లేదు, సరుకు బాగోలేదని గొడవ. లేను చెక్కల మీద ఆయిల్ పూసి ఉంటుంది మహానుభావా, తడి గచ్చు మీద నున్నటి చెప్పులేసుకుని మలుపు తిరిగి చూడండి అన్నాను. బంతిని గిరగిరా తిప్పే స్పిన్నర్ మీద పెట్టి, నీళ్ళు చల్లి, రెండు వేల ప్యాడుతో నాలుగు పక్కలా గీకి ఇచ్చాను. ప్యాడు మీద అంకె తగ్గే కొద్దీ గరుకు పెరుగుతుంది, గరుకు పెరిగితే బంతికి ఆయిల్లో కూడా పట్టు దొరుకుతుంది అని చెబితే చెవిలో పువ్వు పెడుతున్నానేమో అన్నట్టు చూశాడు. సాయంత్రం నవ్వుకుంటూ పోయాడు.

ఫిబ్రవరి 11

ఆదివారం బావ గుండు తిరగలేదు.

గుండు అంటే ఆయన బంతి. ముదురు నీలం, పదిహేను పౌన్లు. ఈ హాల్లో దాన్ని ఎరగనివాళ్ళు లేరు. కుడిపక్క కాలవలోకి పోతున్నట్టే పోయి, ఇంట్లో స్టవ్ కట్టేయడం మరిచిపోయిన మనిషిలా ఆఖరి నిమిషంలో వెనక్కి తిరిగి, చివర నిలబెట్టిన పిన్నుల మధ్యకి వస్తుంది. తొమ్మిదేళ్ళుగా హాలు షీల్డు మా అక్కావాళ్ళింట్లోనే ఉంది. ఆదివారం మాత్రం పోయింది పోయినట్టే పోయింది. మూడుసార్లు.

"ఆయిల్ ఎక్కువైందేమో బావా" అన్నాను.

"అంతే అయుంటుంది" అన్నాడు.

ఆరేళ్ళుగా నాలుగు వేల మీద ఉన్నదాన్ని మూడు వేలకి దించాను. నా గదిలో ఒక్కో బంతికి ఒక్కో కార్డు ఉంటుంది. తేదీ, ప్యాడు, కారణం అని మూడు గడులు. కారణం గడిలో రాశాను: ఆయిల్ ఎక్కువ.

మార్చి 2

జిడ్డుతో పోట్లాట. లేన్లకి ఆయిల్ పూసే మెషీను వాడిదే, అందుకు జిడ్డు. మనిషి కూడా పట్టుకుంటే వదలడు, అందుకూ జిడ్డు. ఎందుకురా ఆయిల్ పెంచుతున్నావు, చెప్పా పెట్టకుండా అని అడిగాను. వాడు మెషీన్లోంచి వచ్చే కాగితాలన్నీ తెచ్చి నా ముందు పరిచాడు. "నిరుడు జులై నుంచి ఒక్క చుక్క మార్చలేదన్నా. కావాలంటే ఒట్టు."

మెషీను మూతి చెడిపోయి ఉంటుందన్నాను. వాడికి కోపం వచ్చింది. మెషీన్ని అంటే వాడు ఊరుకోడు, వాళ్ళావిణ్ణి అన్నా ఊరుకుంటాడేమో.

గుండు రెండు వేలు. ఆయిల్ ఎక్కువ.

మార్చి 19

రెండు వేలు, మళ్ళీ కొత్తగా. ఆయిల్ ఎక్కువ.

ఏప్రిల్ 8

బొటనవేలు రంధ్రంలో వదులుగా ఆడుతోందన్నాడు బావ. రంధ్రం లోపల ఒక పట్టీ టేపు అంటించాను. సరిపోలేదు, ఇంకోటి. కొలత తీసుకుందామని చెయ్యి పట్టుకున్నాను. బొటనవేలి మొదట్లో గుబ్బగా ఉండాల్సిన కండ కాస్త లోపలికి దిగినట్టుంది. వయసు. యాభై నాలుగు మరి. నాకూ అన్నీ సన్నబడుతున్నాయి, పొట్ట తప్ప.

నేను పైగదిలో ఉంటాను, తిండి కింద అక్క దగ్గర. భోజనాల దగ్గర బావ చెప్పాడు, లిఫ్టు సర్టిఫికెట్టు మీద సంతకం కలవలేదని పై ఆఫీసు తిప్పి పంపిందట. "పాతికేళ్ళ సంతకం, అది కూడా నాతో పేచీ పెట్టుకుందిరా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అక్క లేచి మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది, బల్ల మీద నిండు చెంబు ఉండగానే.

ఏప్రిల్ 27

గుండు వెయ్యికి దించి వారమైంది.

ఈరోజు గది అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను, పని మానేసి. ఎనిమిదో లేన్లో ఫిబ్రవరి నాటి తళతళ బంతి ఆయన ఆడుతున్నాడు. రెండు వేల మీద హాయిగా తిరుగుతోంది ఆయన బంతి. తొమ్మిదో లేన్లో బావ. ఒకే ఆయిలు, ఒకే మెషీను. వెయ్యి మీద ఉన్న గుండు తిరగడం లేదు.

గుండు మీద ఒక తెల్ల చుక్క ఉంది. ఇదివరకు చెయ్యి వదిలినప్పటి నుంచి పిన్నులు తగిలేదాకా ఆ చుక్క పద్నాలుగుసార్లు కనిపించి మాయమయ్యేది. ఈరోజు ఐదారు బంతులు లెక్కపెట్టాను. తొమ్మిది. అంతకు మించి లేదు.

వదిలేటప్పుడు వేళ్ళు ఇచ్చే తిప్పు తగ్గింది. అది బంతి తప్పు కాదు. ఆయిల్ తప్పు కాదు.

నిద్ర చాలడం లేదేమో ఆయనకి. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. చెయ్యి ఎక్కడో బెణికి ఉంటుంది, చెప్పే రకం కాదు. జూన్లో షీల్డు ఆట. ఇప్పుడు వెళ్ళి నీ చేతిలో పస తగ్గింది బావా అంటే ఆ మనిషి ఏమైపోతాడు. నాకు బంతి పట్టుకోవడం నేర్పినవాడు. అమ్మా నాన్నా పోయాక పైగది తాళం చేతిలో పెట్టి, అద్దె బదులు రోజూ నాతో ఒక గేము ఆడరా అన్నవాడు.

పోయింది ఐదు చుట్లే కదా. ఆ ఐదు చుట్లు నేను గరుకులో ఇస్తాను.

మే 14

ఐదొందలు. ఆయిల్ ఎక్కువ.

మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికి అక్కే వచ్చింది, స్కూలు ఆఫీసులో సెలవు పెట్టి. స్పిన్నర్ మీద గుండు తిరుగుతుంటే కాసేపు చూసింది.

"మీ బావ చెయ్యి ఎలా ఉందిరా? ఆటలో?"

"చెయ్యికేం, బ్రహ్మాండంగా ఉంది."

"అయితే సరే" అంది. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ తిరిగింది. "నిజంగానేనా?"

"నా మాట మీద నమ్మకం లేకపోతే మీ ఆయన్నే అడుగు" అన్నాను, కాస్త విసురుగానే. ఆమె మొహం తేటపడింది. నాకూ ధైర్యం వచ్చింది, ఆమె అంత తేలిగ్గా నమ్మేసరికి.

జూన్ 7

గెలిచాం! నాలుగు పిన్నుల తేడాతో. పదో షీల్డు!

ఐదొందలతో పొద్దున్నే కొత్తగా గీకి ఇచ్చాను. ఆట మొదలయ్యాక బంతిని ముట్టుకోకూడదు, రూలు. గరుకు ఒక్కో గేముకీ అరుగుతూ వస్తుంది, మూడో గేము దాకా ఉంటుందా అని నా తల ప్రాణం తోకకొచ్చింది. ఉంది. ఆఖరి బంతి కాలవ అంచు దాకా పోయి తిరిగింది చూడు, హాలంతా అరుపులు. జిడ్డు నన్ను ఎత్తి దింపాడు.

బావ కొత్త ఫ్యాషన్ చొక్కా వేసుకొచ్చాడు, బొత్తాల బదులు టిచ్ బటన్లు. ముసలాడికి సోకులు అని ఏడిపించాను. "మీ అక్క కుట్టింది, దాన్నడుగు" అన్నాడు. షీల్డు ఎడంచేత్తో అందుకున్నాడు. కుడిచేత్తో అందరితో కరచాలనం చేయాలి కదా, అందుకు.

జూన్ 8

కార్డులో పదకొండు వరసలు. పదకొండింటికీ ఒకటే కారణం.

జులై 5

ఐదొందలూ చాలడం లేదు. మూడొందల అరవైతో గీకాను, ఇక అంతకన్నా కిందికి ప్యాడు లేదు నా దగ్గర. లాభం లేకపోయింది. మరీ గరుకైతే బంతి ముందే తిరిగేసి, ఓపికంతా దారిలోనే ఖర్చుపెట్టుకుని, పిన్నుల దగ్గరికి ఊరికే దొర్లుకుంటూ వస్తుంది. తగిలితే పిన్నులు పడవు, పక్కకి జరుగుతాయి.

ఒక ఆలోచన ఉంది. రాయను.

జులై 12

రాస్తాను, ఎవరు చూడొచ్చారు. అదే నీలం, అదే తయారీ, పదమూడు పౌన్లది తెప్పించాను. అవే కొలతలతో రంధ్రాలు వేశాను. తెల్ల చుక్క కూడా పెట్టాను. బరువు చెప్పే అంకెని పూడ్చి, పైన మెరుగు పట్టించి, ఐదొందలతో గీకి బావ సంచిలో పెట్టాను. అసలు గుండు నా బల్ల కింద గోనె పట్టాలో ఉంది.

బావ సంచిలోంచి తీశాడు. చేతిలో ఒకసారి ఎగరేసినట్టు చేశాడు. నా మొహం చూశాడు.

"గుండు చిక్కిపోయిందేంట్రా? డైటింగా?"

"ఎండలకి" అన్నాను.

"పాపం" అని దాని నెత్తి నిమిరి, లేను వైపు వెళ్ళాడు. నూట డెబ్బై పాయింట్లు కొట్టాడు ఆ రోజు. అంటే ఈరోజు.

జులై 26

బావ రాలేదు. జలుబట.

ఆగస్టు 16

చేతిలోంచి జారిపోయింది.

రెండడుగులు వేశాడు, చెయ్యి వెనక్కి ఊపాడు, అంతే. బంతి వెనకాల చెక్కల మీద పడింది. పన్నెండు లేన్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయినట్టనిపించింది నాకు. ఎవరికీ తగల్లేదు. బావ వంగి తీయబోయాడు. వేళ్ళు రంధ్రాల్లోకి వెళ్ళాయి, బంతి లేవలేదు. ఇంకోసారి. లేవలేదు. అప్పుడు తన చెయ్యిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

అక్క వెనక బెంచీ మీద ఉంది. వచ్చి ఆయన ఎడంచెయ్యి పట్టుకుంది. "ఇంటికెళ్దాం పదండి" అంది, సినిమా అయిపోయినట్టు. ఎందుకో ఆమె మొహంలో ఆశ్చర్యం కనిపించలేదు.

సెప్టెంబరు 9

నరాల డాక్టరు. నరాలకి కరెంటు పెట్టి చూసే పరీక్షలన్నీ అయ్యాక ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు. మెదడు నుంచి కండకి కబురు మోసే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయట. చేతితో మొదలైంది, అక్కడితో ఆగదు. కాళ్ళు, నాలుక, ఊపిరి. మందు లేదు, కాస్త నెమ్మదింపజేసే మాత్ర ఒకటుంది.

"ఎప్పుడు మొదలైంది?" అన్నాడు.

"రెండు నెలలైందండీ" అన్నాడు బావ.

డాక్టరు పెన్ను ఆగింది. చేతిని మళ్ళీ నొక్కి చూశాడు. "రెండు నెలల్లోనే ఇంత దాకా వచ్చిందంటే చాలా వేగంగా ఉంది. ఇలా అయితే ఏడాది మాట కూడా గట్టిగా చెప్పలేను."

అక్క నేల వంక చూస్తోంది. డాక్టరు 'రెండు నెలలు' అని ఫైల్లో రాసుకున్నాడు. నేను చూస్తూ కూర్చున్నాను. నా గదిలో, మేకుకి తగిలించిన కార్డులో, మొదటి వరస ఫిబ్రవరి 11.

సెప్టెంబరు 13

వేగం అనేది లెక్క. ఎంత పోయింది, ఎన్నాళ్ళలో పోయింది. నేను దాచిన నెలలు చెబితే వేగం తగ్గుతుంది. బావకి ఏడాది కాకుండా ఇంకా ఎక్కువ ఉందని తేలొచ్చు. చెబితే, ఇన్నాళ్ళూ తెలిసి ఊరుకున్నానని కూడా తేలుతుంది. మాత్ర ఏప్రిల్లోనే మొదలుపెట్టి ఉండేవాళ్ళం.

ఏప్రిల్లో నేను చుక్కలు లెక్కపెట్టాను.

సెప్టెంబరు 21

ఈరోజు చెప్పేస్తాను.

సెప్టెంబరు 22

లేదు.

సెప్టెంబరు 30

జిడ్డు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అన్నా, బావగారొస్తే తొమ్మిదో లేన్లో ఆయిల్ తగ్గిస్తానన్నా. ఎవరికీ చెప్పను. నువ్వు అప్పట్లోనే అడిగావు, నేనే మొండికేశాను" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు వాడికి. నువ్వేం తప్పు చేయలేదురా అనకుండానే వాణ్ణి పంపేశాను.

అక్టోబరు 4

అక్కకి చెప్పాను.

పదకొండు గంటలప్పుడు బావ పడుకుని ఉన్నాడు. అక్క వంటింటి బల్ల దగ్గర మాత్రలు రోజువారీ డబ్బాలో సర్దుతోంది. కార్డు ఆమె ముందు పెట్టాను.

"ఏంటిది?"

"బావ బంతి కార్డు."

"నాకేం తెలుస్తుందిరా ఇందులో. నువ్వే చెప్పు."

చెప్పాను. అంకె తగ్గితే గరుకు, గరుకెందుకంటే తిరగడానికి, తిరగకపోవడం ఎందుకంటే. అక్కడ ఆగాను. ఆమె ఒక్కో వరస మీద వేలు పెట్టి కిందికి జరుపుతోంది. మూడు వేలు, రెండు, రెండు, వెయ్యి, ఐదొందలు. వేలు ఆగింది.

"ఫిబ్రవరిలోనే తెలుసా నీకు?"

"ఏప్రిల్లో తెలిసింది. ఫిబ్రవరి నుంచి కనిపిస్తూనే ఉంది."

"మరి ఈ కారణం? ఆయిల్ ఎక్కువ అని?"

"అబద్ధం అక్కా. అన్నీ అబద్ధాలే."

చెంప ఛెళ్ళుమంటుందనుకున్నాను. అందుకు సిద్ధపడే వెళ్ళాను. చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టి దాచినప్పుడు ఎలా కొట్టిందో అలా కొడుతుందని, కొడితే ఏడుస్తానని, ఏడిస్తే ఏదో కాస్త తగ్గుతుందని. ఆమె లేచి లోపలికి వెళ్ళింది. గుండ్రటి రేకు డబ్బా ఒకటి తెచ్చి కార్డు పక్కన ఒంపింది. బొత్తాలు. తెల్లవి, నీలంవి, బూడిద రంగువి, కొన్నింటికి ఇంకా దారం ఉంది.

"ఆయన చొక్కాలవి" అంది. "నిరుడు అక్టోబర్లో మొదటి చొక్కా. పొద్దున్నే అద్దం ముందు బొత్తాలతో కుస్తీ పడుతున్నారు. చూడనట్టే వంటింట్లోకి పోయాను. ఆ రోజే కూర్చుని బొత్తాలు కోసేసి టిచ్ బటన్లు కుట్టాను. ఏంటే ఇది అంటే ఫ్యాషన్ అన్నాను. ఆయనా ఫ్యాషనే అన్నారు. ఒక్కో చొక్కా అలా... పదమూడు చొక్కాలు."

"నీకంటే నేను నాలుగు నెలలు ముందురా. నువ్వు ఆటలో బ్రహ్మాండం అన్నప్పుడల్లా, అంత బరువు బంతి వేసే మనిషికి బొత్తాలొక లెక్కా అనుకున్నాను. దేవుడా, ఎంత హాయిగా అనుకున్నానో!"

నేను ఏమనుకున్నానో చెప్పలేదు. పక్కన పడుకునే మనిషికే ఏమీ కనిపించకపోతే నాకేం కనిపించాలి అనుకున్నాను. అదీ నా ధైర్యం, మే నెలలో.

ఇద్దరం బొత్తాలు ఏరి మళ్ళీ డబ్బాలో వేశాం. ఆమె నన్ను తిట్టలేదు. ఇక తిట్టదు కూడా. తిట్టేవాళ్ళు లేకపోతే దీన్ని ఎక్కడ దింపుకోవాలో నాకు తెలియడం లేదు.

అక్టోబరు 15

డాక్టరు ముందు కార్డూ డబ్బా రెండూ పెట్టాం, బావ ఎదుటే. డాక్టరు కార్డుని చాలాసేపు చదివాడు. ఇలాంటిది తన సర్వీసులో చూడలేదన్నాడు. 'రెండు నెలలు' కొట్టేసి 'ఏడాది' అని రాశాడు.

"అయితే నేననుకున్నంత వేగం కాదు. రెండేళ్ళు ఉండొచ్చు, మూడు కావచ్చు. మాట ఇవ్వలేను."

అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ముందే వచ్చి ఉంటే?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మాత్ర తొలినాళ్ళలో మొదలుపెడితే కొన్ని నెలలు కలిసొచ్చేవి. చెయ్యి మాత్రం నిలిచేది కాదు."

"కొన్ని నెలలంటే ఎన్ని ఆదివారాలండీ?" అన్నాడు బావ. మాట అప్పటికే కాస్త ముద్దగా వస్తోంది.

వరండాలో అక్క మందుల కోసం వరసలో నిలబడితే మేమిద్దరం బెంచీ మీద కూర్చున్నాం. క్షమించు బావా అన్నాను. ఎంత చేతకాని మాట అది.

"రెండు పౌన్లు తగ్గితే నాకు తెలీదనుకున్నావురా? అరచేతికి గరుకు తెలీదా? ముప్పై ఏళ్ళుగా ఆడుతున్నాను" అన్నాడు. "నువ్వు గీకినంత కాలం ఇంకా ఏదో ఉందనుకున్నాను. నువ్వు ఆపేస్తే నాకు తెలిసిపోయేది."

అప్పుడు తట్టింది నాకు, ఈ డైరీ నాకెందుకు ఇచ్చాడో. పెన్ను పట్టుకోలేక.

నవంబరు 2

కుడికాలు ఈడుస్తున్నాడు.

నవంబరు 23

ఈరోజు ఏమీ లేదు. అలా రాయడమే నాకు భయంగా ఉంది.

డిసెంబరు 6

బావ హాలుకి రావాలన్నాడు. జనం రాకముందు, పొద్దున్నే. చక్రాల కుర్చీలో. అక్క తోసుకొచ్చింది.

వారం ముందే చెప్పి ఉంచాడు, పాత గుండు తీసి అద్దంలా చెయ్యమని. బల్ల కింద గోనె పట్టాలోంచి తీశాను. ఐదొందలు, వెయ్యి, రెండు వేలు, నాలుగు వేలు, దిగిన మెట్లన్నీ మళ్ళీ ఎక్కినట్టు. ఒక గరుకు గీతని పోగొట్టాలంటే దానికన్నా సన్నటి గీతలు వంద గీయాలి, పని అలాగే ఉంటుంది. ఆఖర్న మెరుగు ద్రావణం. ఐదు రోజులు పట్టింది, పదిహేను నిమిషాల పని. అందులో నా మొహం కనిపించేదాకా చేశాను, ఆ తర్వాత చూడలేకపోయాను.

జిడ్డు తొమ్మిదో లేను ఒక్కదానికీ ఆయిల్ పూసి పెట్టాడు. చిన్నపిల్లలు బంతి దొర్లించుకునే ఇనుప వాలు తెచ్చి కుర్చీ ముందు పెట్టాం. దాని మీద గుండు ఎక్కించాను. బావ ఎడంచేతి మణికట్టుతో తోశాడు. రెండోసారికి కదిలింది.

నున్నటి బంతి, నిండా ఆయిలు. ఎక్కడా పట్టు దొరకదు. తిన్నగా, మెల్లగా, చాలాసేపు పోయింది. తెల్ల చుక్క ఎన్నిసార్లు తిరిగిందో నేను లెక్కపెట్టలేదు. సరిగ్గా నట్టనడుమ తగిలింది. అలా తగిలితే ఏమవుతుందో మాకిద్దరికీ తెలుసు. మధ్యవి పడ్డాయి, రెండు మూలలా రెండేసి పిన్నులు నిలబడిపోయాయి, ఒకదానికొకటి అందనంత దూరంలో.

"తిరగలేదు" అన్నాడు బావ.

"లేదు బావా."

నా వైపు చూశాడు. పెదవి ఒక పక్కే నవ్వుతుంది ఇప్పుడు. "ఆయిల్ ఎక్కువైందంటావా?"

ఒక్క మాట. అంతే అయుంటుంది బావా అంటే చాలు, ఆయన నవ్వేవాడు. దానికోసమే అడిగాడు. అక్క కుర్చీ వెనక పట్టుకుని నా నోటి వంక చూస్తోంది.

"కాదు బావా" అన్నాను. "ఆయిల్ సరిగ్గానే ఉంది."

ఆయన తల ఊపాడు. ఇంకో బంతి వేస్తానని అనలేదు.

వాళ్ళు వెళ్ళాక కార్డు తీశాను. ఆఖరి వరస ఒకటి ఖాళీ ఉంది. తేదీ, డిసెంబరు 6. ప్యాడు గడిలో, అద్దం మెరుగు. కారణం గడిలో, బావ చెయ్యి అని రాశాను.

పైనున్న గడులు దిద్దుదామని పెన్ను పట్టుకున్నాను. దిద్దలేదు. అవి అప్పుడు రాసినవి.